విప్పని దుప్పటి

గంగాభవాని తెచ్చి ఇచ్చిన తుపాకీ ఇంకా కరీం బాషా కొట్లో ఇనుప బీరువాలోనే ఉంది. తెచ్చినప్పుడు ఏ దుప్పటిలో చుట్టి ఉందో ఆ దుప్పటిలోనే ఉంది. నీలం గళ్ల పాత దుప్పటి. దాని మీద చీర అంచు చింపి బిగించిన ముళ్లు. ఆ ముళ్లు ఇప్పటిదాకా ఎవరూ విప్పలేదు.

ఆ రోజు ఆవిడ గాజువాక నుంచి పూర్ణా మార్కెట్ దాకా షేర్ ఆటోలో, నలుగురి మధ్య ఇరుక్కుని, దాన్ని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వచ్చింది. పక్కన కూర్చున్నామె అదేమిటని అడిగితే చీపుళ్ల కట్ట అని చెప్పిందట. లైసెన్సు ఆవిడది కాదు, భర్త త్రినాథరావుది. లైసెన్సులో పేరున్న మనిషి ఎదురుగా లేకుండా తుపాకీ తీసుకోకూడదని కరీం బాషాకి తెలుసు. తాత నాటి నుంచీ తుపాకుల మరమ్మతు చేస్తున్న ఇల్లు అది. ఎన్నికలొచ్చినా, ఇంటిల్లిపాదీ ఊరికి పోయినా, లైసెన్సున్న వాళ్లు తమ తుపాకుల్ని ఆ దుకాణంలో దాచమని ఇచ్చి వెళ్తారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు గంగాభవాని ఆయన్ని వదిలేసి, పక్కన నిలబడి ఉన్న ఆయన కూతురు సుమయ్యా చెయ్యి పట్టుకుంది. ఉద్యోగం పోయినప్పటి నుంచీ తన భర్త మనిషిలా లేడని, ఆ తుపాకీ ఇంట్లో ఉంటే ఆయన ప్రాణం దక్కదని చెప్పింది. ఏడవలేదు. చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు.

సుమయ్యా తండ్రి వైపు చూసింది. కరీం బాషా బీరువా తలుపు తీశాడు.

ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. తుపాకీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఇవ్వరు. బల్ల మీద ఎర్ర గుడ్డ పరిచి, తుపాకీని కీలు దగ్గర మధ్యకి విరిచి, గొట్టాలను వెలుతురుకి తిప్పి పెడతారు. తెచ్చినవాడు తొంగి చూసి ‘ఖాళీ’ అంటాడు. తీసుకునేవాడు కూడా తొంగి చూసి ‘ఖాళీ’ అంటాడు. వచ్చింది పోలీసు అధికారి అయినా, పాత స్నేహితుడైనా ఆ మాట ఇద్దరి నోటా పైకి వినబడాల్సిందే. సుమయ్యా పసితనం నుంచీ ఆకురాయి గీతలతో పాటు, నూనె వాసనతో పాటు ఆ మాట మధ్యనే పెరిగింది.

గంగాభవాని తెచ్చినదానికి ఆ పద్ధతి జరగలేదు. కరీం బాషా ముడి కూడా ముట్టుకోకుండా మూటని బీరువాలోకి తోసి తాళం వేశాడు. ఆయన ఎందుకలా చేశాడో సుమయ్యాకి తర్వాత అర్థమైంది. విప్పితే అది త్రినాథరావు తుపాకీ అవుతుంది, తాను చట్టం తప్పినవాడవుతాడు. విప్పకపోతే అది దుప్పటి మూట. ఎవరో ఆడమనిషి కాస్త దాచమని ఇచ్చిన మూట. ఎన్నడూ పద్ధతి తప్పని మనిషి ఆ కాస్త ఊరట కోసం తప్పాడు.

ఆ తర్వాత గంగాభవాని సుమయ్యాకి అప్పుడప్పుడూ ఫోన్ చేస్తూనే ఉంది. త్రినాథరావు తుపాకీ ఏమైందని ఇంతవరకు అడగలేదట. దివాన్ పక్కన అది ఆనించి ఉండే గోడ మూల బోసిగా కనబడుతూనే ఉంది. ఆయన అన్నం తింటున్నాడు, పేపరు చదువుతున్నాడు, డాబా మీద మొక్కలకి నీళ్లు పోస్తున్నాడు. ఆ మూల వైపు మాత్రం చూడటం లేదు. ‘అరిచినా బాగుండునమ్మా’ అంది గంగాభవాని చివరిసారి. ‘ఈ ఊరుకోవడం నేను పడలేకపోతున్నాను.’

*

మధ్యాహ్నం ఎండ సందులోకి దిగే వేళకి కోటి వచ్చి కూర్చున్నాడు. పక్క కొట్లో కాటాలు, తక్కెళ్లు బాగుచేసే మనిషి. తిన్నాక కాసేపు కరీం బాషా దగ్గర కూర్చోకపోతే ఆయనకి అరగదు. మార్కెట్లో ఉల్లిపాయల బస్తాలు దించుతున్న చప్పుడు, మధ్యమధ్య హార్బర్ వైపు నుంచి ఓడ కూత వినబడుతున్నాయి.

‘బావా, నాకూ ఓ తుపాకీ లైసెన్సు పెట్టించీ’ అన్నాడు కోటి. ‘నీ కాటా తప్పు సూపిస్తంది అని రోజుకొకడు మీదకొస్తన్నాడు.’

‘ముందు కాటా సరిగ్గా సెయ్యి. లైసెన్సుతో పన్లేదు’ అన్నాడు కరీం బాషా, కళ్లద్దాలు లుంగీ అంచుతో తుడుచుకుంటూ.

‘అదెలాగ? అప్పుడు మా ఆవిడ మీదకొస్తాది.’

సుమయ్యా నవ్వింది. ఆ నవ్వు పూర్తికాక ముందే గుమ్మంలో నీడ పడింది.

త్రినాథరావు బూట్లు గోనె మీద రెండుసార్లు తుడుచుకుని లోపలికి వచ్చాడు. బూడిదరంగు సఫారీ, మడతలు చెదరని ఇస్త్రీ. బూట్లలో వీధి కనబడుతోంది. మీసం కత్తిరించిన తీరు చూస్తేనే సైన్యంలో పనిచేసి వచ్చాడని తెలుస్తుంది. చంకలో తుపాకీ పెట్టుకునే తోలు సంచి ఉంది. ఖాళీగా ఉండటం వల్ల మధ్యకి వంగి వేలాడుతోంది.

కరీం బాషా దాన్ని చూశాడు. కోటితో, నీ కొట్లో ఎవరో పిలుస్తున్నారని చెప్పాడు. ఎవరూ పిలవడం లేదు. కోటి ముగ్గురి ముఖాలూ చూసి, ఏమీ అడక్కుండా లేచి వెళ్లిపోయాడు.

త్రినాథరావు నమస్కారం పెట్టి, కూర్చోమనకుండానే కూర్చున్నాడు. తొందరేమీ లేనట్టు సంగతి చెప్పుకొచ్చాడు. ఏటీఎంలకి డబ్బు మోసే బండిలో గన్‌మన్ ఉద్యోగం పోయాక చాలా చోట్ల తిరిగాడు. ఇప్పుడు ఆటోనగర్‌లో నాగబాబు అని, పాత ఇనుము కొని అమ్మే ఆసామి, ఒక మనిషి కావాలంటున్నాడు. చేసే పని పెద్దగా లేదు. కారు ముందు సీట్లో కూర్చోవాలి. స్థలాల తగాదాలకి వెళ్లినప్పుడు పక్కన నిలబడాలి. తుపాకీ నలుగురికీ కనబడేట్టు పట్టుకోవాలి. ఇంతకుముందు ఒకణ్ణి పెట్టుకుంటే వాడికి సొంత తుపాకీ లేదని పంపేశాడట. ఇవాళ సాయంత్రం నుంచే రమ్మన్నాడు.

‘నా వస్తువు మీ దగ్గరుందండి బాషాగారూ’ అన్నాడు. ‘పట్టుకెళ్దామని వచ్చేను.’

తుపాకీ ఇక్కడుందని ఎవరు చెప్పారని కరీం బాషా అడగలేదు. ఏటా నూనె పెట్టించడానికి ఆయన ఇక్కడికే వస్తాడు. ఆ ఇంట్లోంచి తుపాకీ మాయమైతే వెతకాల్సిన చోటు ఇదొక్కటే. కరీం బాషా టీ తెప్పిస్తానన్నాడు. త్రినాథరావు వద్దన్నాడు. తుపాకీ ఎలాగూ కొట్టుకి వచ్చింది కనుక లోపలి స్ప్రింగులు బలహీనపడ్డాయేమో చూసి, నాలుగు రోజులాగి ఇస్తానన్నాడు కరీం బాషా.

‘విప్పి చూశారాండి?’

కరీం బాషాకి అబద్ధం నోటికి రాదు. చూడలేదన్నాడు.

‘చూడకుండా స్ప్రింగు సంగతి ఎలా తెలిసిందండి?’

గొంతులో కోపం లేదు. లైసెన్సు పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. స్టేషన్‌లో చెప్పి కూడా తెచ్చుకోవచ్చని, అలా చేస్తే పెద్దల నాటి కొట్టుకి మాట వస్తుందనే తానే స్వయంగా వచ్చానని అన్నాడు. ఆ మాటలో బెదిరింపు ఉందో మర్యాద ఉందో సుమయ్యా తేల్చుకోలేకపోయింది. బీరువా తాళంచెవి ఆమె చున్నీ కొంగుకి ముడివేసి ఉంది. అది బరువుగా వేలాడుతున్నట్టు అనిపించి, ముడిని గుప్పిట్లో పట్టుకుంది.

కరీం బాషా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

‘త్రినాథ్, నాను నీకంటే పెద్దోణ్ణి. సెప్తన్నానని ఏటీ అనుకోకు. ఉజ్జోగం పోతే ఇంకోటి వస్తాది. అలాటప్పుడు మనసు పరిపరివిధాలా పోతాది. కొన్నాళ్లు ఆ వస్తువు నీ కంటికి కనపడకుండా ఉండనీ. మనిషి ఉంటే సాలు.’

త్రినాథరావు అప్పుడు మొదటిసారి నవ్వాడు. పైపెదవి మాత్రమే కదిలింది.

‘నేను చచ్చిపోతానని చెప్పిందాండి మీకు?’

కరీం బాషా కూతురి వైపు చూశాడు.

‘చచ్చేవాడు బూట్లకి పాలిష్ పెట్టుకుంటాడాండి? తియ్యమనండి అమ్మాయిని.’

కరీం బాషా కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత కూతురికి తలూపాడు. సుమయ్యా వెంటనే కదల్లేదు. ఆయన మళ్లీ, ‘తీయమ్మా. ఆయన వస్తువు ఆయన అడుగుతన్నాడు. కాదంటానికి నాను ఎవర్ని?’ అన్నాడు.

*

దుప్పటి ముళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. గోళ్లతో రాక, పట్కారు కొసతో విప్పాల్సి వచ్చింది. మడతల్లోంచి కలరా ఉండల వాసన, దాని కింద తుపాకీ నూనె వాసన వచ్చాయి. పన్నెండు బోరు డబుల్ బ్యారెల్. చెక్క మీద గీతలు పడినా ఇనుము మీద తుప్పు చుక్క లేదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇనుమును అలా ఉంచుకోవాలంటే రోజూ తుడవాలి. సుమయ్యా ఎర్ర గుడ్డ పరిచింది. మీట పక్కకి నొక్కి తుపాకీని విరిచింది.

ఖాళీ అనడానికి నోరు తెరిచింది. ఆ మాట రాలేదు.

ఎడమ గొట్టంలోంచి వీధి వెలుతురు గుండ్రంగా కనబడుతోంది. కుడి గొట్టంలోంచి ఏమీ కనబడటం లేదు. అక్కడ ఇత్తడి మెరుస్తోంది.

కరీం బాషా కూర్చున్న చోటు నుంచి లేచాడు. బల్ల పట్టుకుని నిలబడ్డాడు. ఆ బీరువా ఆయన కుర్చీకి సరిగ్గా వెనక ఉంది. ఇన్నాళ్లూ ఆయన దానికి వీపు ఆనించి టీ తాగాడు. దాని ముందే చాప పరుచుకుని నమాజు చేశాడు. సుమయ్యా దాని మీదే మోచెయ్యి పెట్టుకుని ఫోన్లో మాట్లాడింది. అంతకుముందు షేర్ ఆటోలో నలుగురు మనుషులు, దారి పొడుగునా గతుకులు. సుమయ్యాకి ఆ ఆటో కళ్ల ముందు కదిలింది. చీపుళ్ల కట్ట పక్కన కూర్చున్న ముఖం తెలియని ఆ ఆడమనిషి కూడా.

తూటా వేళ్లకి రాలేదు. చెమ్మకి ఉబ్బి గొట్టంలో ఇరుక్కుంది. మళ్లీ పట్కారు తీసుకుని, అంచు పట్టి మెల్లగా, అటూ ఇటూ తిప్పకుండా లాగింది. బయటికి వచ్చాక గుడ్డ మీద నిలబెట్టకుండా పడుకోబెట్టింది. అప్పుడు దాని అడుగు తేటగా కనబడింది. గుండ్రటి ఇత్తడి బిళ్ల, సరిగ్గా మధ్యలో సొట్ట. గోరంత సొట్ట.

వేరే వాళ్లయితే చూసినా పట్టించుకునేవారు కాదు. బాషా ఇంట్లో వాళ్లకి అది చెప్పే మాట ఒక్కటే. ఎవరో ట్రిగ్గర్ లాగారు. లోపలి ముల్లు వచ్చి తగిలింది. మందు చెమ్మగా ఉండి అంటుకోలేదు.

‘యా అల్లా’ అన్నాడు కరీం బాషా, తనలో తాను అనుకున్నట్టు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి త్రినాథరావు భుజం మీద చెయ్యి వేశాడు. ‘ఎంత పని సేసేవయ్యా.’

త్రినాథరావు తూటా వైపు చూడలేదు. సుమయ్యా అది గమనించింది. తన తుపాకీలో తూటా ఉందంటే ఎవరైనా ముందు దాన్ని చూస్తారు, ముట్టుకుంటారు, కాదంటారు. కొందరు ఆ కొట్లోనే గొడవకి దిగారు కూడా. ఈయన గుడ్డ వైపు కళ్లు తిప్పలేదు. తన భుజం మీదున్న ముసలి చేతిని చూస్తున్నాడు, అది అక్కడికి ఎలా వచ్చిందా అన్నట్టు.

‘మా ఆవిణ్ణి పిలవండి’ అన్నాడు. ‘ఇక్కడే ఉంది. కూరలు కొందాం రమ్మని నేనే తీసుకొచ్చేను.’

*

గంగాభవాని మార్కెట్ గుమ్మం పక్కన వంకాయల కుప్ప ముందు కూర్చుని ఉంది. ఒక కాయ తీసి చూసి పెడుతోంది, మళ్లీ అదే కాయ తీస్తోంది. అమ్మే చిట్టమ్మ విసుక్కుంటోంది. ఆ కాయకి సంబంధం చూస్తున్నావా అంటోంది. సుమయ్యా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, ఆయన కొట్లో ఉన్నాడని, తుపాకీ విప్పామని, అందులో తూటా ఉందని చెప్పింది.

గంగాభవాని చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

సుమయ్యా ఆలోచించుకుని రాలేదు. అయినా నోటికి వచ్చింది. ‘నువ్వు రాకక్కా. ఇట్నుంచి ఇటే ఆటో ఎక్కి మీ అమ్మాయి దగ్గరికి పో. నువ్వు కనపళ్లేదని సెప్తాను.’

‘పొద్దున్న ఆయన బూట్లకి పాలిష్ పెడుతుంటే అప్పుడే తెలిసింది నాకు’ అంది గంగాభవాని. కాయని కుప్పలో పెట్టింది. చీర కుచ్చిళ్లు దులుపుకుని లేచింది. ‘పదమ్మా. ఎన్నాళ్లని ఫోన్లో చెప్పను నీకు.’

కొట్టు గుమ్మం దగ్గర గంగాభవాని ఒక్క క్షణం ఆగి, కొంగు భుజం చుట్టూ కప్పుకుంది.

లోపల త్రినాథరావు లేచి నిలబడి ఉన్నాడు. భార్యని కూర్చోమని కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. కరీం బాషా ఆ ఇద్దరి మధ్యకి వచ్చినట్టు వచ్చి, ఏదో ఓదార్పు మాట మొదలుపెట్టబోయాడు. త్రినాథరావు చెయ్యి ఎత్తి ఆపాడు.

‘నాకు నేనే గురి పెట్టుకున్నాననుకుంటున్నారు బాషాగారు’ అన్నాడు భార్యతో. ‘పెద్దాయన బాధపడుతున్నారు. చెప్పు.’

గంగాభవాని గుడ్డ మీద తూటా చూసింది. దాని అడుగున సొట్ట చూసింది. ఆ చూపులో ఆశ్చర్యం లేదు.

‘ఆయన కాదండి అన్నయ్యగారూ’ అంది కరీం బాషాతో. ‘నేనండి.’

బయట ఎవరో చేపల తట్టతో అరుచుకుంటూ పోయారు. ఆ అరుపు సందు చివరిదాకా వెళ్లింది.

తర్వాత ఆమె చెప్పింది. కరీం బాషాకి చెబుతున్నట్టే చెప్పింది గానీ, ఆ మాటలు ఆయన్ని దాటి వెళ్తున్నాయని సుమయ్యాకి తెలుస్తూనే ఉంది. ఉద్యోగం పోయిన మర్నాడు ఆయన అన్నానికి కూర్చుని, తుపాకీ తెచ్చి కంచం పక్కన పెట్టుకున్నాడు. నీళ్ల గ్లాసు ఉండాల్సిన చోట. గొట్టాలు ఎదురుగా కూర్చున్నవాళ్ల వైపు. మొదట తుడవడానికి తెచ్చుకున్నాడేమో అనుకుంది. ఆ తర్వాత అది రోజూ వచ్చింది. పొద్దున్న ఇడ్లీకి వచ్చింది. రాత్రి మజ్జిగకి వచ్చింది. ఆయన అరవడు. తిట్టడు. కూర బాగుందనే అంటాడు. ఒకరోజు వాళ్ల అమ్మాయి శ్రీసత్య, దాన్ని కాస్త పక్కకి పెట్టు నాన్నా అంది. ఆయన ఆ మాట విననట్టు కూర వేయమన్నాడు. శ్రీసత్య కంచంలో చెయ్యి కడిగేసుకుంది. ఆ వారంలోనే మద్దిలపాలెంలో హాస్టల్‌కి వెళ్లిపోయింది. తల్లి చేతి అన్నం తిని వెళ్లమంటే, అన్నం కాదమ్మా అక్కర్లేనిది అందట.

‘ఖాళీ తుపాకీయేగా అనేవారండి. ఖాళీయో కాదో చూసుకోడానికి మాకేం తెలుసు? ఆ రెండు కన్నాలూ చూస్తూ ముద్ద మింగాలి. అంతే మాకు తెలుసు.’

‘నేనెప్పుడైనా చెయ్యెత్తేనా నీమీద?’ అన్నాడు త్రినాథరావు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

‘లేదండి. మీకు చెయ్యెత్తే అవసరం ఏముంది?’

కరీం బాషా తల దించుకున్నాడు.

తుపాకీ ఇక్కడికి తేవడానికి ముందు రోజు మధ్యాహ్నం ఆయన తిని, కుర్చీలోనే వెనక్కి వాలి నిద్రపోయాడు. తుపాకీ గోడకి ఆనించి ఉంది. గంగాభవాని రాత్రికి బియ్యం తీద్దామని డబ్బాలో చెయ్యి పెట్టింది. సముద్రపు గాలికి మందు చెడుతుందని తూటాలు బియ్యం అడుగున పెట్టించడం ఆయన అలవాటు. బియ్యం అయిపోవచ్చి ఉన్నాయి. తూటాలు చేతికి తగిలాయి. ఎప్పుడూ తగులుతూనే ఉంటాయి, పక్కకి జరిపి బియ్యం తీసుకుంటుంది. ఆ రోజు బియ్యం తియ్యలేదు.

‘రోజూ మీరు విరిచి తుడవడం చూసేదాన్నేగా’ అంది, ఈసారి తిన్నగా భర్తతో. ‘అలాగే విరిచేను. రెండు పెట్టేను. మీ ఎదురుగా, నేను అన్నానికి కూర్చునే చోట నిలబడ్డాను. ఒకటి లాగేను. టక్‌మంది. మీరు కదల్లేదు. నాకు మళ్లీ చెయ్యి రాలేదు. గోడకి ఆనించేసి వెళ్లి ఎసరు పెట్టేను.’

కొంగు సర్దుకుని మళ్లీ చెప్పింది.

‘మర్నాడు పొద్దున్న మీరు పేపరుకి వెళ్లినప్పుడు, కంచాలు కడుగుతూ, ఇవాళ కూడా లాగుతానని తెలిసిపోయింది నాకు. అందుకని దుప్పటి చుట్టి ఇక్కడికి పట్టుకొచ్చేశాను. ఇంట్లో ఉంటే మీ ప్రాణం దక్కదని అన్నయ్యగారి ముందు చెప్పింది అబద్ధం కాదండి.’

సుమయ్యా మొదటి రోజు ఆ చెయ్యి తన చేతిని పట్టుకున్న పట్టు గుర్తు తెచ్చుకుంది. తామందరూ ఆ చేతిని చూడకుండా, ఎక్కడో గాజువాకలో కూర్చున్న మగమనిషి గురించి భయపడ్డారు. ఆ ఆలోచన వెనకే ఇంకోటి వచ్చింది. అనకుండా ఉందామనుకుంది గానీ ఉండలేకపోయింది.

‘రెండు పెట్టేనన్నావు కదక్కా’ అంది. ‘ఎడం పక్కది ఖాళీగా ఉంది.’

గంగాభవాని ఆమె వైపు తిరిగింది. అర్థం కాలేదు. గుడ్డ మీద ఒక్క తూటానే ఉందని అప్పుడు చూసింది. నోరు తెరిచింది. తర్వాత చాలా మెల్లగా భర్త వైపు తిరిగింది.

త్రినాథరావు సఫారీ పైజేబులో చెయ్యి పెట్టాడు. బయటికి తీసిన తూటాని గుడ్డ మీద, మొదటి దాని పక్కన పెట్టాడు. అడుగున ఇత్తడి నున్నగా ఉంది. జేబులో అన్నాళ్లూ తిరిగి ఇంకా మెరుగెక్కింది.

‘ఆ చప్పుడుకి లేవని సిపాయి ఉంటాడా?’ అన్నాడు.

గంగాభవాని కళ్లు ఆ రెండో తూటా మీదే ఉన్నాయి.

‘మెలకువ వచ్చింది. కళ్లు తెరవలేదు. ఇంకోటి లాగుతావని చూశాను. తెరిస్తే నీ మొహం చూడాలి కదా. దాని కంటే రెండోదే నయమనిపించింది.’ ఆయన సఫారీ జేబు మూత సరిచేసుకున్నాడు. ‘వంటింట్లో ఎసరు చప్పుడు విన్నాక లేచి విరిచేను. ఒకటి వచ్చింది. ఒకటి ఇరుక్కుంది. గట్టిగా లాగితే నువ్వు వింటావని వదిలేశాను. అన్నం పెట్టిన ప్రతిసారీ అడుగుదామనుకున్నాను. నువ్వేమో ఇంకొంచెం వేసుకోండి అనేదానివి.’

గంగాభవాని కుర్చీ పట్టుకుంది. అప్పుడు కూర్చుంది.

తనతో అనకుండా ఇంతమందిలో ఎందుకు చెప్పించారని ఆమె అడగలేదు. ఆయనే చెప్పాడు. ఇంట్లో అడిగితే ఆమె చెప్పదని, చెప్పినా తాను వినలేడని. పరాయివాళ్లు ఉంటే ఇద్దరూ మనుషుల్లా నిలబడతారని అనుకున్నాడట. నాగబాబు ఉద్యోగం మాట నిజమేనని, సాయంత్రం వెళ్లాల్సిందేనని కూడా చెప్పాడు. చెబుతూనే తుపాకీ అందుకున్నాడు. దాన్ని మూసి, తోలు సంచిలో పెట్టి, జిప్పు లాగాడు. కరీం బాషా ఆ సంచి మీద చెయ్యి వేశాడు.

‘ఇప్పుడెలా ఇమ్మంటావు నాయనా? ఇయ్యన్నీ విన్నాక?’

‘ఇది నా పేరు మీదుందండి’ అన్నాడు త్రినాథరావు. ఆ చేతిని గౌరవంగానే పక్కకి జరిపాడు. సంచి భుజానికి తగిలించుకున్నాడు.

అప్పుడు బల్ల మీదికి వంగి, సొట్ట లేని తూటాని ఒక్క వేలితో భార్య ఉన్న వైపుకి దొర్లించాడు. అది గుడ్డ అంచు దాకా వచ్చి ఆగింది.

‘తుపాకీ నా దగ్గరుంటుంది. ఇది నీ దగ్గరుంచుకో’ అన్నాడు. ‘పద, ఇంటికెళ్దాం.’

ఆ మాటలో క్షమాపణ ఉందో, పందెం ఉందో, శిక్ష ఉందో సుమయ్యాకి తెలియలేదు. ఆయన ముఖంలో వెతికింది. అక్కడా లేదు. గంగాభవాని భర్తనే చూస్తోంది. చాలాకాలం తర్వాత ఆయన ముఖాన్ని మధ్యలో ఏ అడ్డూ లేకుండా చూస్తున్నట్టు చూస్తోంది. ఆమె చెయ్యి కొంగు కిందనుంచి బయటికి వచ్చింది. ఆ చెయ్యి బల్ల మీద మెల్లగా ముందుకు జరిగింది.

ఆ వేళ్లు అందేలోపే సుమయ్యా అరచెయ్యి తూటా మీద పడింది.

ముగ్గురూ ఆమె వైపు చూశారు. తండ్రి ఏదో అనబోయి ఆగాడు. చేతి కింద ఇత్తడి ఇంకా త్రినాథరావు జేబు వేడితో వెచ్చగా ఉంది. ఇవ్వనని చెప్పడానికి తనకు ఏ హక్కూ లేదని సుమయ్యాకి తెలుసు. ఎన్నాళ్లు ఇవ్వకుండా ఉండగలదో తెలియదు.

‘చెయ్యి తియ్యమ్మా’ అంది గంగాభవాని.

సుమయ్యా తియ్యలేదు.